ఏడో గడి

ఫారంలో ఏడో గడి: 'నిర్మాణం ఏ సంవత్సరానిది?'
ఊసలగూడెం చివర, ఇప్పచెట్టు కింద
తొడ మీద ఫైలు పెట్టుకుని
అక్కడే ఆగిపోయాను.

నిర్మాణం ఏదీ లేదు.
మోకాలెత్తు రాయి ఒకటి, పసుపు మాసింది.
దాని ముందు ఊడ్చిన నేల.
రాయి నుంచి వాగు దాకా
గడ్డి మొలవని సన్నటి బాట.

"గుడి అని రాయమంటారా సార్?"
టేపు ఆ కొస పట్టుకున్న కుర్రాడు అడిగాడు.
"గుడి కాదు," అన్నది కుర్సం బుచ్చమ్మ.
"ఏల్పు దిగే జాగ.
దిగి, ఈ తొవ్వనే వాగుకు పోతది, తానానికి.
మూడేండ్లకొకపారి."
మిగతా రోజుల్లో?
"మిగతా దినాలు మేం ఊడుస్తం."

మా కొత్త ప్లానులో నాలుగు వరుసల రోడ్డు
ఆ తొవ్వను అడ్డంగా కోస్తుంది.
ఎర్ర పెన్నుతో ఆ గీత గీసింది నేనే,
హన్మకొండలో, ఫ్యాను కింద,
చాయ్ చల్లారకముందే.

నేను పుట్టింది మట్టికోట లోపల.
మా పెరట్లో బట్టలుతికే బండ మీద హంస ఉంది.
మెడ అరిగిపోయింది, అమ్మ చేతివాటం అటువైపు.
నాన్న స్నానాల గదికి స్లాబు పోద్దామనుకున్న పొద్దున
నీలం బోర్డు వాళ్లు నోటీసు తెచ్చారు:
వంద మీటర్ల లోపల ఇటుక మీద ఇటుక పెట్టరాదు.
పెళ్లయి పోయేదాకా మా అక్క
చీకటితో లేచి తడిక చాటున నీళ్లు పోసుకుంది.
ఆ వంద మీటర్లను నేను తిట్టినన్ని తిట్లు
ఇంకెవరూ తిట్టి ఉండరు.

పోయిన వానకాలం
కోటకట్టను తవ్వి ప్లాట్లు చేయనొచ్చిన జేసీబీ
అదే వంద మీటర్ల దగ్గర
తొండం దించుకుని వెనక్కి పోయింది.
మా వాడకట్టంతా చప్పట్లు కొట్టింది.
అక్క కొట్టలేదు.
ఆమె వైపు చూడలేక
నేనూ సగంలో ఆపాను.

ఊసలగూడెంలో వంద మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి?
రాయి నుంచా, బాట నుంచా,
డోలు వినబడే చివరి ఇంటి నుంచా?
ఫోన్లో ఇంజనీరు నవ్వాడు:
"రాయిని పక్కకు జరుపుదాం,
గ్రానైటుతో మంచి గుడి కట్టిద్దాం, ఒప్పించు."
స్పీకరులో విన్నది బుచ్చమ్మ.
"రాయి జరుగుతది. తొవ్వనెట్ల జరుపుతడట?"

ఆమె తమ్ముడు వెదురు బొంగులోంచి పగిడె తీసి
మంచం మీద విప్పాడు.
ఎర్రగుడ్డ మీద అతుకుల గుర్రాలు, సూర్యుడు,
ఏ గట్టు దిగి ఏ గోత్రం వచ్చిందో,
ఎవరు ఎక్కడ నీళ్లు తాగారో.
వేలు పెట్టి చదువుతున్నాడనుకున్నాను,
పాడుతున్నాడు.
స్కేలు లేదు, ఉత్తరం గుర్తు లేదు,
ఒక్క వాగు మాత్రం తప్పిపోలేదు.
నా యంత్రంలో ఇక్కడి వాగుకు పేరే లేదు.

పంచాయతీ గోడకు మా ప్రకటన అంటించి ఇరవై రెండు రోజులు.
అభ్యంతరాలకు గడువు ముప్పై.
ఇంగ్లీషులో ఉంది. కింది సగం మేక తిన్నది.
"ఇంక ఎనిమిది దినాలా?"
బుచ్చమ్మ వేళ్లు మడిచింది, "నడుమ ఒక్క సంతనే."
ఆమె చెప్పింది, నేను రాశాను,
నా గీత మీద నేనే అభ్యంతరం, సర్కారు పెన్నుతో.
కింద పదకొండు వేలిముద్రలు, మూడు సంతకాలు.
నాది పెట్టలేదు. పెట్టాల్సిందేమో.

ఏడో గడిలో 'తెలియదు' అంటే కంప్యూటరు ఒప్పుకోదు,
సున్నా వేస్తే ఊరుకుంటుంది.
'మూడేండ్లకొకపారి' అని కాగితం మీద రాసి పంపాను.
ఇంకా జవాబు లేదు.

ఆ సాయంత్రం టేపు చుడుతుంటే
కొసన మట్టి అంటుకుంది, పసుపు కలిసిన మట్టి.
తుడవబోయి, ఎందుకో, అట్లే చుట్టేశాను.
ఇప్పుడు ఎవరి ప్లాటు కొలిచినా
మొదటి రెండు అంగుళాలు కనబడవు.